గాల్లో గంట, గడప నుంచి గడపకు ఎంత?

విజయవాడ నుంచి విశాఖకు విమానంలో ఎంతసేపు పడుతుందని ఎవరినడిగినా "గంట" అంటారు. ఫోన్‌లో వెతికినా అదే జవాబు వస్తుంది: నేరు దూరం సుమారు 290 కిలోమీటర్లు, ప్రయాణం గంటకు అటూ ఇటూ. ఇందులో అబద్ధమేమీ లేదు. ఆ గంటను పట్టుకుని రోజంతటికీ ప్రణాళిక వేసుకోవడంలోనే ఉంది చిక్కు. అది విమానానికి పట్టే సమయం. మీకు పట్టే సమయం వేరు, దాన్ని ఏ టికెట్ మీదా ఎవరూ అచ్చు వేయరు. ఎవరిది వాళ్లే వేసుకోవాలి.

చిన్న విమానాశ్రయాల మధ్య చిన్న దూరాలకు ఈ లెక్క మరీ అవసరం. ఢిల్లీకో దుబాయ్‌కో వెళ్లేటప్పుడు గంట అటూ ఇటూ అయినా విమానానికి పోటీ లేదు. విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరం నుంచి విశాఖకు మాత్రం రైలు, బస్సు, సొంత కారు అన్నీ పోటీలో ఉంటాయి. అక్కడ మనం తీసుకునే నిర్ణయం అలవాటు కొద్దీ తీసుకున్నదా, లెక్క వేసుకుని తీసుకున్నదా అన్నది సాయంత్రానికల్లా తేలిపోతుంది.

నేరు దూరం ఎంత, కలిసొచ్చేది ఎంత?

గన్నవరం రన్‌వే నుంచి విశాఖ రన్‌వేకు పటం మీద నేరుగా గీత గీస్తే 290 కిలోమీటర్లు. వైమానికుల కొలతలో 157 నాటికల్ మైళ్లు. ఒక నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు. అదే 16వ నంబరు జాతీయ రహదారి మీద ఏలూరు, రాజమండ్రి, తుని, అనకాపల్లి మీదుగా వెళితే దాదాపు 350. రైలు మార్గమూ ఇంచుమించు అంతే.

అంటే ఆకాశంలో వెళ్లినందుకు తగ్గే దూరం 60 కిలోమీటర్లే. మిగతా లాభమంతా వేగంలోంచే రావాలి. పైగా విమానం ఆ గీత మీదే వెళ్లదు. గాలికి ఎదురుగా లేవాలి, తర్వాత దారిలోకి తిరగాలి, కంట్రోలర్లు చెప్పిన మార్గం పట్టాలి, దిగేముందు మళ్లీ చుట్టు తిరిగి రన్‌వేకు సూటిగా రావాలి. కాబట్టి ఎగిరే దూరం ఎప్పుడూ నేరు దూరం కంటే కాస్త ఎక్కువే.

టికెట్ మీది గంటలో ఏముంది?

టికెట్ మీద బయలుదేరే సమయం, చేరే సమయం ఉంటాయి. ఆ రెంటి మధ్య వ్యవధిని విమానయాన సంస్థలు బ్లాక్ టైమ్ అంటాయి. చక్రాల అడ్డుకట్టలు తీసి విమానం కదిలినప్పటి నుంచి, అవతలి ఊళ్లో ఆగి మళ్లీ అడ్డుకట్టలు పెట్టేదాకా అన్నమాట. రన్‌వే దాకా నడిచే నిమిషాలు, వంతు కోసం ఆగే నిమిషాలు కూడా అందులోవే.

దీన్ని అంచనా వేయడానికి ఓ సులువైన సూత్రం ఉంది. నేరు దూరాన్ని విమాన వేగంతో భాగించి, అరగంట కలపండి. చిన్న ఊళ్ల మధ్య తిరిగే ఏటీఆర్-72 గంటకు 500 కిలోమీటర్ల కంటే కాస్త ఎక్కువ వేగంతో వెళుతుంది. 290 కిలోమీటర్లకు 35 నిమిషాలు, దానికి అరగంట కలిపితే గంటా ఐదు నిమిషాలు. ఎయిర్‌బస్ ఎ320 వేగం గంటకు 830 దాకా ఉంటుంది. అదే దూరానికి 21 నిమిషాలు, అరగంటతో కలిపి 51.

కాగితం మీద తేడా పద్నాలుగు నిమిషాలు. ఆ పద్నాలుగూ పూర్తిగా దక్కవు. ఇంత తక్కువ దూరంలో జెట్ తన పూర్తి వేగం అందుకుని ఎంతోసేపు కాకముందే దిగడం మొదలుపెట్టాలి. కాబట్టి ఇలాంటి మార్గంలో "పెద్ద విమానమా, రెక్కల ఫ్యాన్ల విమానమా" అని ఆలోచించడం కంటే ఏ గంటకు బయలుదేరుతుందో చూసుకోవడం మేలు.

ఏటీఆర్ ఎక్కేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి. దానికి ప్రయాణికుల తలుపు వెనకవైపు ఉంటుంది, సామాన్లు పెట్టే పై అరలు చిన్నవి. జెట్‌లో సులువుగా పట్టే చక్రాల సూట్‌కేసు ఇక్కడ పట్టకపోవచ్చు. అప్పుడు దాన్ని మెట్ల దగ్గరే తీసుకుని కింద వేస్తారు, దిగాక దాని కోసం ఆగాలి. మెత్తటి బ్యాగు అయితే ఆ బెడద లేదు.

గడప నుంచి గడప దాకా

ఇప్పుడు అసలు లెక్క. బెంజ్ సర్కిల్ దగ్గర ఉండే ఒకరు విశాఖ సిరిపురంలో పని మీద వెళుతున్నారనుకుందాం. విమానం ఉదయం పదింటికి. ఒక బ్యాగు చెక్‌ఇన్‌లో వేస్తారు.

7.45: ఇంటి నుంచి బయలుదేరతారు. రామవరప్పాడు రింగు, ఎనికేపాడు, నిడమానూరు దాటుకుని గన్నవరం. ఇరవై కిలోమీటర్లే అయినా ఉదయం రద్దీలో ముప్పావుగంట వేసుకోవాలి.

8.30: టెర్మినల్ గుమ్మం. గుర్తింపు కార్డు, చెక్‌ఇన్ వరస, బ్యాగు తూకం. దేశీయ విమానాలకు సాధారణంగా గంట ముందే కౌంటర్ మూసేస్తారు కాబట్టి చేతిలో ఉన్నది అరగంటే.

9.00: భద్రతా తనిఖీ. బెల్టు, పర్సు, ఫోను ట్రేలో, ల్యాప్‌టాప్ విడిగా మరో ట్రేలో. ఆ తర్వాత గేటు దగ్గర కుర్చీ.

9.35: గేటు మూస్తారు. చాలా సంస్థలు బయలుదేరడానికి 25 నిమిషాల ముందు మూసేస్తాయి.

10.00 నుంచి 11.05: విమానం.

11.05 నుంచి 11.30: దిగడం, బెల్టు దగ్గర బ్యాగు కోసం నిలబడడం, క్యాబ్ పిలవడం.

11.30 నుంచి 12.10: ఎన్ఏడీ కొత్తరోడ్డు, కంచరపాలెం మీదుగా సిరిపురం.

మొత్తం నాలుగు గంటల 25 నిమిషాలు. అందులో విమానం వాటా గంటా ఐదు, అంటే నాలుగో వంతు. మిగిలిన మూడు గంటల 20 నిమిషాలూ నేల మీదే ఖర్చయ్యాయి. ఈ నేల ఖర్చును వేరుగా రాసి పెట్టుకోండి. మీరు విశాఖ వెళ్లినా చెన్నై వెళ్లినా అది పెద్దగా మారదు.

దీన్ని కొంత తగ్గించుకోవచ్చు. వెబ్ చెక్‌ఇన్ ముందురోజే చేసుకోండి. చేతి సామాను ఏడు కిలోల్లో సర్దుకోగలిగితే కౌంటర్ వరసా ఉండదు, అవతల బెల్టు దగ్గర నిలబడే పనీ ఉండదు. ముఖం చూసి గుర్తుపట్టే డిజియాత్ర గన్నవరంలోనూ విశాఖలోనూ ఉంది, గుమ్మం దగ్గర కార్డు చూపించే వరస తప్పుతుంది. ఇవన్నీ కలిస్తే అరగంట పైగా మిగులుతుంది. కానీ గేటు మూసే సమయాన్ని ఎవరూ తగ్గించలేరు. దానితో బేరాలు వద్దు.

గంట మిగిలింది సరే, ఏ రూపంలో?

అదే మనిషి వందేభారత్ ఎక్కితే? బెంజ్ సర్కిల్ నుంచి స్టేషన్‌కు ఇరవై నిమిషాలు, ప్లాట్‌ఫాం మీద ఇరవై నిమిషాలు, రైల్లో సుమారు నాలుగున్నర గంటలు, విశాఖ స్టేషన్ నుంచి సిరిపురానికి ఇరవై నిమిషాలు. మొత్తం ఐదున్నర గంటలు. విమానం కంటే గంటా ఐదు నిమిషాలు ఎక్కువ. రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ అయితే రైల్లోనే ఆరు గంటలు దాటుతుంది.

చాలామంది ఇక్కడితో లెక్క ఆపేసి విమానానికి ఓటేస్తారు. ఒక్క అడుగు ముందుకెళ్లండి. విమానం తాలూకు నాలుగు గంటల 25 నిమిషాలు ఏడు ముక్కలుగా వచ్చాయి. క్యాబ్‌లో కొంత, వరసలో కొంత, తనిఖీ దగ్గర కొంత, గేటు దగ్గర కుర్చీలో కొంత, సీటు బెల్టు కట్టుకుని కొంత, బ్యాగు దగ్గర కొంత, మళ్లీ క్యాబ్‌లో కొంత. ఏ ముక్కలోనూ ఒక పని మొదలుపెట్టి పూర్తిచేసే వీలుండదు. మధ్యలో లేవాలి, నడవాలి, ఏదో ఒకటి చూపించాలి. రైల్లో నాలుగున్నర గంటలు ఏకధాటిగా మీవే. ఫోన్ సిగ్నల్ అక్కడక్కడా పోవచ్చు, కానీ రిపోర్టు రాసుకోవడానికి, పరీక్షకు చదువుకోవడానికి, కునుకు తీయడానికి అడ్డొచ్చేవాళ్లుండరు.

కాబట్టి ప్రశ్న ఇలా వేసుకోండి: ఈ రోజు నాకు తొందరగా చేరడం ముఖ్యమా, దారిలో పని జరగడం ముఖ్యమా? ఆసుపత్రిలో ఉన్న తల్లి దగ్గరికి రాత్రికల్లా తిరిగి రావాలంటే మిగిలే ఆ గంట బంగారమే. మర్నాటి మీటింగ్‌కు ఇరవై పేజీలు తయారు చేసుకోవాల్సి ఉంటే ఐదున్నర గంటల రైలే చవక. రెండూ సరైన నిర్ణయాలే. కారణం తెలియకుండా తీసుకున్నదే తప్పు నిర్ణయం.

మీ ఇల్లు ఎక్కడుంది?

పక్కింటాయన లెక్క మీకు పనికిరాదు. ఏలూరులో ఉండే వ్యక్తి విశాఖకు విమానం ఎక్కాలంటే ముందు నలభై కిలోమీటర్లు వెనక్కి, గన్నవరం వైపు రావాలి. అంతసేపట్లో రైలు ఆయన్ను రాజమండ్రి దారిలో సగం దూరం తీసుకుపోతుంది. గుడివాడ వాళ్లకు గన్నవరం దగ్గర, విజయవాడ స్టేషన్ దూరం. గుంటూరు వాళ్లు ఎయిర్‌పోర్టుకు వెళ్లాలంటే విజయవాడ దాటి అవతలికి పోవాలి.

అవతలి చివర కూడా అంతే. గాజువాకలో పని ఉంటే విశాఖ ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్నట్టు. మధురవాడలో అయితే నగరమంతా దాటాలి. రేపు రాకపోకలు భోగాపురం కొత్త విమానాశ్రయానికి మారితే ఈ లెక్క తలకిందులవుతుంది. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు రన్‌వే దగ్గరికొస్తుంది, గాజువాక, అనకాపల్లి వాళ్లకు దూరం జరుగుతుంది. రెండు రన్‌వేల మధ్య దూరం ఓ యాభై కిలోమీటర్లు పెరిగితే విమానానికి ఐదారు నిమిషాలే తేడా. అదే యాభై కిలోమీటర్లు రోడ్డు మీద పడితే మనిషికి గంట పైమాటే.

తిరుమల వెళ్లేవాళ్లు చేసే లెక్కా చూడండి. రేణిగుంటలో దిగగానే "వచ్చేశాం" అనుకుంటారు. మీ గడప కొండ మీద గది. అక్కడికి ఇంకో 40 కిలోమీటర్లు, మధ్యలో అలిపిరి తనిఖీ, ఆపైన ఘాట్ రోడ్డు. దర్శనం టికెట్ మీద ఉన్న సమయానికి ముందు ఈ దారికి పట్టే గంటన్నర కలపకపోతే కొండ మొదట్లోనే ఆదుర్దా మొదలవుతుంది.

దూరం పెరిగేకొద్దీ

విశాఖ నుంచి తిరుపతికి నేరు దూరం దాదాపు 600 కిలోమీటర్లు, రైలు మార్గం 730కి పైనే. సూత్రం ప్రకారం ఎయిర్‌బస్‌కు గంటంపావు, ఏటీఆర్‌కు గంటా నలభై నిమిషాలు. దానికి మన నేల ఖర్చు మూడు గంటల 20 నిమిషాలు కలిపినా ఐదు గంటల్లో తేలిపోతుంది. రైలుకు పన్నెండు గంటలు పైమాటే. నేరు విమానం దొరికిన రోజున ఇక్కడ విమానానికి తిరుగులేదు.

ఇందులోంచి ఓ మోటు లెక్క తీసుకోవచ్చు. రైల్లోనో కారులోనో గడప నుంచి గడపకు ఐదు గంటల్లోపు అయ్యే ఊరికి విమానం వల్ల సమయం పెద్దగా మిగలదు. ఎనిమిది గంటలు దాటే ఊరికి తప్పక మిగులుతుంది. మధ్యలో ఉన్న ఊళ్లకే కాగితం, పెన్ను అవసరం.

రాత్రి రైలు మాత్రం ఈ లెక్కకు లొంగదు. హైదరాబాద్ వాళ్లు నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ఎక్కి తెల్లారేసరికి తిరుపతిలో దిగుతారు. పన్నెండు గంటల ప్రయాణంలో ఏడెనిమిది గంటలు ఎలాగూ పడుకునేవే. వాళ్ల రోజులోంచి పోయింది నాలుగైదు గంటలు, అంటే విమానానికి పట్టే మొత్తం సమయమంతే. పైగా హోటల్ గది ఖర్చు కూడా మిగిలింది. రైల్లో నిద్రపట్టని వాళ్లకు మాత్రం ఇది వర్తించదు.

ఇక హైదరాబాద్ మీదుగా మారే టికెట్లు. నేరు విమానం లేని రోజున ఫోన్ మీకు గన్నవరం నుంచి శంషాబాద్, అక్కడి నుంచి విశాఖ అని చూపిస్తుంది. మొదటి అంచె 265 కిలోమీటర్లు, రెండోది 510. తూర్పున ఉన్న ఊరికి ముందు పడమరకు పోయి, 290 కిలోమీటర్ల దారిని 775 చేయడం. ముక్కెక్కడుందంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టే. మధ్యలో ఆగే సమయంతో కలిపితే రైలు ఎప్పుడో గెలిచేసి ఉంటుంది. తప్పనిసరై ఇలా వెళ్లాల్సి వస్తే రెండు అంచెలూ ఒకే బుకింగ్‌లో ఉండేట్టు కొనండి. విడివిడిగా కొంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు ఆ నష్టం మీదే.

తర్వాతి బండి ఎప్పుడు?

టికెట్ కొనేముందు ఇది తప్పక వేసుకోవాల్సిన ప్రశ్న. విజయవాడ నుంచి విశాఖకు ఒక రైలు తప్పితే ఇంకొకటి ఉంటుంది, అదీ కాకపోతే బస్సుంది. చిన్న విమానాశ్రయాల మధ్య రోజుకు ఒకటో రెండో విమానాలు. ఒకటి రద్దయితే మీ రోజు రద్దయినట్టే.

చలికాలం ఉదయాల్లో గన్నవరాన్ని పొగమంచు కప్పేస్తుంది, తొలి విమానాలు ఆలస్యమవుతాయి. అక్టోబరు, నవంబరుల్లో విశాఖ తీరానికి తుపాన్ల భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకినప్పుడు విశాఖ టెర్మినల్ పైకప్పే దెబ్బతిని, కొన్ని రోజులపాటు విమానాలు ఆగిపోయాయి. అలాంటి నెలల్లో, తప్పకూడని పని ఉంటే, ముందురోజు సాయంత్రమే చేరుకోవడం వివేకం.

ప్రాంతీయ మార్గాలు శాశ్వతమనీ అనుకోకండి. ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న కడప, హైదరాబాద్ మధ్య విమానం మొదలైంది. గంట ప్రయాణానికి, అంటే సుమారు 500 కిలోమీటర్లకు, 2,500 రూపాయలన్న పరిమితితో ఆ పథకం చిన్న ఊళ్లకు ఆకాశాన్ని చూపించింది. అయితే దాని కింద ఒక మార్గానికి ప్రభుత్వ సాయం మూడేళ్లే. సాయం ఆగాక ప్రయాణికులు చాలకపోతే విమానమూ ఆగవచ్చు. పైగా వేళల పట్టిక ఏటా మార్చి చివర, అక్టోబరు చివర మారుతుంది. కిందటేడు ఎక్కిన విమానం ఈ ఏడు కూడా ఉంటుందన్న నమ్మకంతో పెళ్లి తాంబూలాలు పుచ్చుకోవద్దు.

మీ హక్కులూ తెలుసుకోండి. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం రెండున్నర గంటల్లోపు బ్లాక్ టైమ్ ఉన్న విమానం రెండు గంటలు ఆలస్యమైతే, సమయానికి వచ్చి చెక్‌ఇన్ చేసినవాళ్లకు అల్పాహారం పెట్టాలి. ఆరు గంటలు దాటుతుందంటే మరో విమానమో పూర్తి డబ్బు వాపసో ఇవ్వాలి. ముందుగా చెప్పకుండా రద్దుచేస్తే, గంటలోపు బ్లాక్ టైమ్ విమానానికి పరిహారం 5,000 రూపాయలు, గంట దాటి రెండు గంటల్లోపు దానికి 7,500. మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపినది దీనికంటే తక్కువైతే ఆ తక్కువే ఇస్తారు. తుపాను, పొగమంచు లాంటి కారణాలకు ఈ పరిహారం రాదు. సంస్థ పంపిన మెసేజ్‌లు చెరిపేయకండి, ఎప్పుడు చెప్పారన్నదానికి అవే సాక్ష్యం.

ఈ లెక్క ఇంకెక్కడ పనికొస్తుంది?

ఏ పనికైనా గాల్లో ఎగిరే భాగం ఒకటి, నేల మీద నడిచే భాగం ఒకటి ఉంటాయి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో సంతకం, వేలిముద్ర ఐదు నిమిషాలు. కాగితాలు సర్దుకోవడం, సాక్షుల్ని పిలవడం, వంతు కోసం కూర్చోవడం ఒక పూట. డాక్టరు చూసేది పది నిమిషాలు, పరీక్షల రిపోర్టు చేతికొచ్చేది సాయంత్రం. "ఎంతసేపు, ఇట్టే అయిపోతుంది" అని ఒప్పుకున్న పనులు మన రోజును మింగేసేది అందుకే. మనం ఎగిరే భాగాన్నే చూసి మాటిస్తాం. ఏదైనా పని ఒప్పుకునేముందు దాని నేల ఖర్చు ఎంతో ఒక్కసారి వేలు మడిచి చూసుకునే అలవాటు చేసుకుంటే, సమయం చాలడం లేదన్న ఫిర్యాదు సగం తగ్గుతుంది.

సాధన

మీరు తరచుగా వెళ్లే ఒక ఊరిని ఎంచుకోండి. ఒక కాగితం మీద రెండు నిలువు వరసలు గీయండి, ఒకటి విమానానికి, రెండోది రైలుకో బస్సుకో. కింది ఐదింటికీ జవాబులు రాయండి.

1. ఇంటి గడప దాటిన నిమిషం నుంచి పని జరిగే చోటు గడప తొక్కేదాకా మొత్తం ఎంత?
2. అందులో మారని నేల ఖర్చు ఎంత? ఎంత తగ్గించగలను?
3. ఏకధాటిగా నా చేతిలో ఉండే అతిపెద్ద ముక్క ఎంత? దాంతో ఏం చేస్తాను?
4. ఇది తప్పితే తర్వాతిది ఎప్పుడు?
5. క్యాబ్‌లు, సామాను ఛార్జీ, ఎయిర్‌పోర్టు టీ కలిపితే ఖర్చు ఎంత?

ఐదూ రాశాక నిర్ణయం దానంతటదే తేలుతుంది. ఆ తర్వాత అవతలివాళ్లకు ఫోన్ చేసినప్పుడు "పదింటి విమానానికి వస్తున్నాను" అని చెప్పకండి. ఆ మాటతో వాళ్లకు పని లేదు. "పన్నెండున్నరకు మీ ఆఫీసులో ఉంటాను" అని చెప్పండి, పన్నెండుంపావుకు అక్కడ ఉండండి. మాట మీద నిలబడే మనిషన్న పేరు ఇలాంటి చిన్న లెక్కలతోనే వస్తుంది.